కొండమీద అత్తా కోడలూ

"అమ్మణ్ణీ, ఈ గదికి గోడ కట్టేది మరిచిపోయినట్లుండారే!"

హార్సిలీ హిల్స్‌లో రిసార్టు గది తలుపు తీసిన రెండో నిమిషంలో మా అత్తమ్మ అన్న మాట ఇది. ఆమె చూస్తున్నది స్నానాలగది వైపు. నిజంగానే దానికి గోడ లేదు. మంచానికీ స్నానాలగదికీ మధ్య నేల నుంచి కప్పు దాకా ఒకటే అద్దం. లోపలివాళ్ళకి బయట, బయటివాళ్ళకి లోపల నిక్షేపంగా కనిపిస్తుంది. సామాన్లు తెచ్చిన కుర్రాడు ఇబ్బందిగా నవ్వి, "కర్టెన్ ఉందండీ, స్విచ్ నొక్కితే దిగుతుంది" అంటూ నొక్కి చూపించాడు. తెర సగం దాకా దిగి ఆగిపోయింది. "సాయంత్రానికి బాగు చేయిస్తాం మేడం" అన్నాడు. మేం గది ఖాళీ చేసేదాకా ఆ సాయంత్రం రాలేదు. రెండు రోజులూ ఒకరు స్నానానికి వెళితే ఇంకొకరు బాల్కనీలో కూర్చున్నాం.

రోజుకి 7,400 రూపాయల గది అది!

అసలు ఆ గదిలో నాతో ఉండవలసింది మా అత్తమ్మ కాదు, మావారు. ఆ కథ ముందు చెప్పాలి.

నెలకి వెయ్యి చొప్పున ఇరవై నెలలు చీటీ కట్టాను. అందరూ పాడుకుని తీసేసుకున్నాక ఆఖరి నెలలో నా ఇరవై వేలూ నా చేతికొచ్చాయి. ఓ కథల పోటీలో వచ్చిన అయిదు వేలు అంతకు ముందే దాచుకుని ఉన్నాను. పాతిక వేలు! ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఆ డబ్బు మీద ఒక అభిప్రాయం ఉంది. మా అమ్మాయికి కొత్త ఫోను. అబ్బాయికి సైకిలు. మావారికి బండి టైర్లు. మా అత్తమ్మకి ఎప్పుడూ బంగారమే. "రెండు గ్రాములైనా వస్తుంది, కొని పారెయ్" అంది.

నాకు మాత్రం పదిహేడేళ్ళుగా ఒకటే కోరిక. ఎవరో పెట్టిన కాఫీ తాగాలి. ఎవరో వండినది తినాలి. లేచిన మంచం అలాగే వదిలేసి వెళ్ళాలి. తిరిగొచ్చేసరికి దుప్పటి సర్ది ఉండాలి. ఇదేం పెద్ద కోరిక అనుకోకండి. కేంద్రప్రభుత్వం వాళ్ళు జనం రోజంతా ఏం చేస్తున్నారో లెక్కవేసే సర్వే ఒకటి చేస్తారు. 2019లో చేసినప్పుడు ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారనీ, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారనీ తేలింది. 2024లో మళ్ళీ చేశారు. మనది 289 నిమిషాలకి దిగింది. అయిదేళ్ళలో పది నిమిషాలు కలిసొచ్చాయన్నమాట! ఆ పది నిమిషాల్లో ఏం చేసుకుందామో మీరే చెప్పండి.

మా ఊరు కార్వేటినగరం. చూడ్డానికి ఏమీ లేని ఊరేం కాదు. రాజులు ఏలిన ఊరు, సారంగపాణి పదాలు పుట్టిన ఊరు. వేణుగోపాలస్వామి గుడీ, రాతిమెట్ల స్కందపుష్కరిణీ చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు. అయితే మన ఊరి పుష్కరిణి మెట్ల మీద కూర్చుంటే మన ఇంటి పొయ్యి కనబడుతూనే ఉంటుంది. పొయ్యి కనబడని చోటు కావాలి నాకు. మావారిని ఒప్పించి హార్సిలీ హిల్స్‌లో రెండు రాత్రులకి గది తీసుకున్నాను.

బయల్దేరడానికి మూడు రోజుల ముందు మావారి బ్యాంకులో ఆడిట్ పడింది. సెలవు రద్దు. రిసార్టుకి ఫోన్ చేస్తే, తక్కువ ధరకి ఇచ్చిన గది కాబట్టి డబ్బు వెనక్కి రాదన్నారు. గది తీసుకునేటప్పుడు ఆ సంగతి సన్నని అక్షరాల్లో ఉందట. (మనం కందిపప్పు కొనేటప్పుడు ఎంచినట్టు ఆ అక్షరాలు ఎంచం కదా.) "అయితే నేనొక్కదాన్నే పోతాను" అన్నాను. నేనే అన్నానా అని నాకే అనుమానం వచ్చింది. ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"ఒగదానివే యాడికి పోతావు? నేనూ వస్తా తోడు" అంది మా అత్తమ్మ, చేట కింద పెట్టి.

నిజం చెప్పొద్దూ, నాకు కాళ్ళలో సత్తువ పోయింది. ఎవరి కళ్ళ ముందు నుంచి రెండు రోజులు తప్పుకుందామనుకున్నానో ఆ మనిషే తోడొస్తానంటోంది! అలాగని మా అత్తమ్మ గయ్యాళి కాదు. ఒక్కనాడూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. కానీ పక్కన మనిషి కూర్చోకుండా పనిచేస్తుంటే మనం కూర్చోగలమా? అరవై ఎనిమిదేళ్ళ మనిషి పొద్దున అయిదింటికి లేచి వాకిలి ఊడుస్తుంటే నేను ఆరుదాకా పడుకోగలనా? ఆమె పని నాకు కొరడా. ఆ మాట ఎవరితోనూ అనలేను.

*మల్లమ్మ కొండ*

పుత్తూరు, తిరుపతి, భాకరాపేట ఘాటు, పీలేరు, వాయల్పాడు మీదుగా మదనపల్లె. మా వీధి అబ్బాయి కారు, రానూపోనూ ఏడున్నర వేలకి మాట్లాడుకున్నాం. కారు నిండా మా అత్తమ్మ మూటలు. పులిహోర, మురుకులు, నిమ్మకాయ ఊరగాయ, చెనక్కాయల ఊరిమిండి, రెండు దుప్పట్లు, ఒక ఇత్తడి చెంబు. "రిసార్టులో అన్నీ ఉంటాయి అత్తా" అంటే, "ఉంటే ఉండనీ, మనదేం కూడు అడగదు కదా" అంది.

పీలేరు దాటాక దారి పక్కన టమోటా తోటలు మొదలయ్యాయి. మదనపల్లె టమోటా మార్కెట్టు ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు. 2023 జులైలో కిలో నూట యాభై దాటినప్పుడు దేశమంతా ఈ ఊరి వైపే చూసింది. మరో ఏడాది కొనేవాళ్ళు లేక రైతులు రోడ్డు మీద పారబోస్తారు.

ఈ ప్రాంతం ఒంటికి పడే గాలి ఉన్న చోటని పాతకాలం నుంచీ పేరు. మందుల్లేని రోజుల్లో క్షయరోగులకి గాలే మందు అనుకునేవాళ్ళు కదా, ఆరోగ్యవరం శానిటోరియం 1915లో ఇక్కడే మొదలైంది. రవీంద్రనాథ్ ఠాగూరు 1919లో తన పర్యటన మధ్యలో మదనపల్లె కాలేజీలో కొద్దిరోజులు ఆగారు. జనగణమనకి ఇంగ్లీషు అనువాదం అక్కడే చేశారు. నాలాగా ఆయనకి మాటిమాటికీ ఇంటి నుంచి ఫోన్లు వచ్చి ఉండవు. మేం కారెక్కినప్పటి నుంచి కొండెక్కే దాకా నాకు అయిదు వచ్చాయి. ఉప్పు డబ్బా ఎక్కడ, గ్యాసు రెగ్యులేటరు ఏ వైపు తిప్పాలి, అబ్బాయి తెల్ల చొక్కా ఏది...

కొండ సుమారు నాలుగు వేల అడుగుల ఎత్తు. 1870 ప్రాంతాల్లో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యు.డి. హార్సిలీ అనే దొర ఎండలకి తట్టుకోలేక పైన బంగళా కట్టుకున్నాడు. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలోనిది, మన చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో. ఆ తర్వాత నూరేళ్ళు దాటి, 2022 దాకా ఈ కొండ మన జిల్లాలోనే ఉండింది. దొర పేరే కొండకి నిలిచిపోయింది.

అంతకు ముందు దీని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే ఆమెని ఈ కొండ మీద ఏనుగులు సాకాయనీ, ఆహారం తెచ్చి పెట్టేవనీ చెప్పుకుంటారు. ఆ పేరుతో గుడి ఇప్పటికీ ఉంది. డ్రైవరు అబ్బాయి ఈ కథ చెబుతుంటే మా అత్తమ్మ చెవి ఒగ్గి విన్నది. కాసేపయ్యాక, "తెచ్చి పెట్టేవా? కూర్చున్న చోటికే?" అని మళ్ళీ అడిగింది.

*మంచు, మెనూ*

గది సంగతి సగం చెప్పాను. మిగతా సగం: రిసార్టు ఫోటోల్లో గది బాల్కనీ నుంచి లోయ, లోయలో ఊళ్ళు, సూర్యాస్తమయం ఉన్నాయి. మేం వెళ్ళినప్పుడు బాల్కనీ కటకటా, దాని అవతల సున్నం కొట్టినట్టు తెల్లగా మంచు. చేయి చాపితే వేళ్ళు కనబడవు. నవంబరు నెలాఖరు, వానలు. ఆ నెలలో ఇలాగే ఉంటుందని గది ఇచ్చేటప్పుడు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. లోయ కనబడే గదికి కనబడని గది కంటే రోజుకి తొమ్మిది వందలు ఎక్కువ కట్టాను. ఆ మంచులోకి చూస్తూ ఆ తొమ్మిది వందల్నీ వెతుక్కున్నాను.

బకెట్టు లేదు, మగ్గు లేదు. పైన పువ్వులాంటి షవరు. మా అత్తమ్మ చెంబు చూసి నవ్వినందుకు లోలోపల లెంపలేసుకున్నాను. బకెట్టు కావాలని ఫోన్ చేస్తే అరగంటకి ఒకటి వచ్చింది. వేడినీళ్ళు రెండో మనిషి దగ్గరికి వచ్చేసరికి చల్లబడ్డాయి. కొండ మీద నీళ్ళకి ఎప్పుడూ కటకటేనట, అందుకు ఎవర్ని అనేం? మంచం మాత్రం దూదిపింజె. తెల్లదుప్పటి నాలుగు వైపులా పరుపు కిందికి ఎంత గట్టిగా దోపారంటే మా అత్తమ్మ ఒక మూల లాగి లాగి అలిసిపోయి, "ఇది పడుకునేదానికా, కట్టేసేదానికా" అని తన దుప్పటి పరుచుకుని కింద పడుకుంది. ఏడు వేల నాలుగు వందల గదిలో నేల మీద!

అది రాత్రి సంగతి. అంతకు ముందు భోజనం దగ్గర ఒకటి జరిగింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

బయటి తిండి లోపలికి తేకూడదన్నారు. పులిహోర కారులోనే ఉండిపోయింది. రెస్టారెంటులో పెద్ద అట్టల పుస్తకం చేతికిచ్చారు. చిన్న నీళ్ళసీసా 80 రూపాయలు. సీసా మీద వేసిన ధర కంటే ఎక్కువ తీసుకోవచ్చా అని మీకూ అనుమానం వస్తుంది. హోటళ్ళు తీసుకోవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. కూర్చోబెట్టి వడ్డిస్తారు కదా, ఉత్త సీసా అమ్మినట్టు కాదని. మామూలు నీళ్ళు అడగండి, డబ్బుల్లేకుండా ఇస్తారు. మేమూ అదే చేశాం. ఇంకో పేజీలో రాగిసంగటి, నాటుకోడి పులుసు 520 రూపాయలు. మా అత్తమ్మకి చదివి వినిపిస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "సంగటికా! మా నాయన కాలంలో సంగటి తినేవాళ్ళని పేదోళ్ళు అనేవాళ్ళు."

వడ్డించే అబ్బాయి చిన్నపుస్తకం పట్టుకుని వచ్చాడు. "అమ్మా, మీకేం కావాలి?" అని ముందుగా మా అత్తమ్మనే అడిగాడు, పెద్దావిడ కదా అని.

ఆమె నా వైపు చూసింది. నేను, "చెప్పు అత్తా, నీకేం ఇష్టమో" అన్నాను.

"ఏందైనా సరే."

"అట్లా కాదు. నీకేం తినాలని ఉంది?"

"ఏది మిగిలితే అది" అంది.

ఆ అబ్బాయికి అర్థం కాలేదు. హోటల్లో మిగలడమేమిటి? నాకూ వెంటనే నవ్వొచ్చింది. కానీ ఆమె హాస్యానికి అనలేదు. యాభై ఏళ్ళుగా ఆ ప్రశ్నకి ఆమె దగ్గర ఉన్న జవాబు అదొక్కటే. అందరూ తిన్నాక గిన్నెలో ఏది మిగిలితే అది. కూర మిగిలితే కూర, అడుగున రసం మిగిలితే రసం, ఏమీ మిగలకపోతే మజ్జిగా ఊరగాయా.

పదిహేడేళ్ళుగా ఆమెతో ఒకే వంటింట్లో ఉన్నాను. మావారికి వంకాయ పడదని తెలుసు. అమ్మాయికి పప్పులో టమోటా ముక్క తగలకూడదని తెలుసు. మా ఆడపడుచు భర్తకి కాఫీలో ఎన్ని చెంచాల చక్కెరో తెలుసు. మా అత్తమ్మకి ఏ కూర ఇష్టమో నాకు తెలియదు. కథలు రాస్తాను నేను. ఆడవాళ్ళ మనసులు బాగా చదివారని పాఠకులు ఉత్తరాలు రాస్తే మురిసిపోతాను.

ఆ రాత్రికి చపాతీలూ, పప్పూ చెప్పాను. వచ్చినవి బాగానే ఉన్నాయి. ఏం తిన్నానో గుర్తులేదు.

డ్రైవరు అబ్బాయికి వసతి లేదన్నారు. కారులో పడుకోమన్నారు. కొండ మీది నవంబరు చలిలో! గది తీసుకునేటప్పుడు డ్రైవరు మాట అడగాలని నాకు తోచలేదు, ఆ తప్పు నాదే. మా అత్తమ్మ భోజనం కాగానే తన రెండో దుప్పటి, పులిహోర మూటా తీసుకుని మంచులో కారు దాకా నడిచింది. తెచ్చిన పులిహోర అలా సద్వినియోగమైంది. "చూస్తివా, కూడు అడగదంటి కదా, ఎవురికో ఒగరికి పనికొచ్చె" అంది వచ్చి.

*పెనం మీది దోసె*

పొద్దున అయిదింటికి మెలకువ వచ్చింది. లేవకూడదని పట్టుదలగా పడుకున్నాను. కింద మా అత్తమ్మ కూడా మెలకువగానే ఉంది, కదలడం లేదు. తర్వాత అడిగితే చెప్పింది, "నువ్వు పండుకోనుంటే లేపేది ఎందుకులే అని" ఊరుకుందట. నేనేమో ఆమె లేస్తే నేను లేవాల్సొస్తుందని. ఇద్దరం ఆరున్నర దాకా నిద్ర నటించాం. పదిహేడేళ్ళ కాపురంలో మేమిద్దరం కలిసి చేసిన మొదటి సోమరిపని అదే.

ఉదయం టిఫిను గది అద్దెలోనే కలిసి ఉంది. వరసగా మూతలున్న గిన్నెలు, ఎవరికి కావలసినవి వాళ్ళు పెట్టుకోవాలి. కట్ చేసిన పండ్లు, రొట్టెలు, ఇడ్లీ, పొంగలి, ఏవేవో ఇంగ్లీషు పేర్లవి. ఒక మూల పెద్ద పెనం ముందు వంటవాడు నిలబడి దోసెలు పోస్తున్నాడు. మా అత్తమ్మ తట్ట చేత్తో పట్టుకుని అక్కడికెళ్ళి నిలబడింది. చాలాసేపు నిలబడింది. పిండి పులుపెక్కిందా లేదా, పెనం కాగిందా లేదా అని చూస్తోందనుకున్నాను. చూసింది కూడా. "నీళ్ళు చల్లి తుడువు నాయనా, అప్పుడు అంటుకోదు" అని సలహా చెప్పింది. అతను నవ్వి, "కూర్చోండమ్మా, తెచ్చిస్తాను" అన్నాడు.

తెచ్చాడు. పొగలు కక్కుతున్న దోసె, అంచులు ఎర్రగా. మా అత్తమ్మ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. వేడికి నాలుక చుర్రుమన్నట్టుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండో ముక్క ఊదుకుని తింది. దోసె అయిపోయింది. అబ్బాయి, "ఇంకోటి?" అన్నాడు. మొహమాటపడుతూ తలూపింది. రెండోది, మూడోది.

"ఏం అత్తా, బాగుందా?"

"బాగుండేదేముంది, పిండిలో మెంతులు తక్కువ" అంది. ఆగి, "అమ్మణ్ణీ, నాకు పెండ్లయి యాభై యేండ్లు. ఎన్ని వేల దోసెలు పోసినానో ఆ దేవుడికే తెలుసు. పెనం మింద నుంచి నేరుగా నా తట్టలోకి వచ్చింది ఇదే. ఇట్లుంటుందా వేడి దోసె!"

ఈ మాట చదువుతున్న మీకు వివరించనక్కర్లేదు. దోసెలు పోసేవాళ్ళు ఆఖరున తింటారు. అప్పటికి పిండి అడుగంటి ఉంటుంది, ఆకలి చచ్చి ఉంటుంది, పోసిపెట్టుకున్నది చల్లారి తోలులా సాగుతుంది. మా ఇంట్లో ఇప్పుడు పోసేది నేను. ఆమె పక్కన కూర్చుని చట్నీ వడ్డిస్తుంది. ముందు నువ్వు తిను అత్తా అని ఎన్నిసార్లు అన్నానో! పిలకాయలకి స్కూలు టైమైంది, వాడికి బ్యాంకు టైమైంది అంటుంది. నేనూ గట్టిగా అడిగానా అంటే అడగలేదు. అడిగినట్టు అడిగి పెనం వైపు తిరిగిపోయాను.

ఆ ఉదయం నేనూ వేడి దోసెలే తిన్నాను. లెక్క చెప్పను.

మేం గదికి తిరిగి వచ్చేసరికి దుప్పట్లు మార్చే ఆమె వచ్చి ఉంది. నేను అప్పటికే మంచం సర్దేసి, టవళ్ళు మడిచి, బాత్‌రూము నేల తుడిచి వెళ్ళాను. చేతులు ఊరుకోవు కదా! మంచం అలాగే వదిలేసి వెళ్ళాలన్న నా పదిహేడేళ్ళ కోరిక సంగతి నాకే గుర్తు రాలేదు. ఆమె నవ్వింది. "అట్లా సర్దకండమ్మా. అన్నీ విప్పి మళ్ళీ వెయ్యాల్సిందే మేము" అంది. నేను చేసింది ఆమెకి రెండింతల పని అయిందన్నమాట.

మా అత్తమ్మ ఆమెని పట్టుకుని కూర్చోబెట్టింది. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, అన్నీ అయ్యాయి. కొండ కింద పల్లె. తెల్లారుజామున ఇంట్లో వంట చేసిపెట్టి బయల్దేరుతుంది. రోజుకి పన్నెండు గదులు. సాయంత్రం ఇంటికెళ్ళి మళ్ళీ వంట. జీతం అడిగితే చెప్పింది. మా రెండు రాత్రుల అద్దె కంటే తక్కువ. నేను తల తిప్పుకుని మంచు వైపు చూశాను. ఈ సెలవు నాకు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలిశాక కూడా సెలవు సెలవులాగే బాగుందనడం సిగ్గుచేటే, కానీ బాగుంది. ఉన్నదున్నట్టు రాస్తానని కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను. వచ్చేటప్పుడు మూడు వందలు ఆమె చేతిలోనే పెట్టాను. కౌంటర్లో పెట్టెలో వేస్తే ఎవరికి చేరుతుందో తెలియదు. మా అత్తమ్మ మురుకుల డబ్బా మొత్తం ఇచ్చేసింది.

రెండో రోజు మధ్యాహ్నం మూడు దాటాక మంచు విడిపోయింది. ఎవరో దుప్పటి లాగేసినట్టు ఒక్కసారిగా లోయంతా బయటపడింది. ఇద్దరం గాలిబండ దాకా నడిచాం. అక్కడి గాలికి నిలబడితే చీర కుచ్చిళ్ళు పట్టుకోవడమే సరిపోతుంది. కింద చెరువులు బిళ్ళల్లా మెరుస్తున్నాయి, ఊళ్ళు గుప్పెడు బియ్యం చల్లినట్టున్నాయి. మా అత్తమ్మ బండ మీద చతికిలపడి కూర్చుంది. చేతిలో చేట లేదు, ఒడిలో చిక్కుడుకాయలు లేవు. ఖాళీ చేతులతో ఆమె కూర్చోగా నేను చూడటం అదే మొదలు. చేతులు ఏం చెయ్యాలో తెలియక ఒకదానితో ఒకటి రుద్దుకుంటోంది. గంట కూర్చున్నాం. ఆ గంటలో నాకు ఇంటి నుంచి రెండు ఫోన్లు వచ్చాయి. రెండోది ఆమె లాక్కుని, "రొంచేపు ఊరుకోరా, మేము గాలి చూస్తా ఉండాము" అని కొడుక్కి చెప్పి ఆపేసింది.

దారిలో మల్లమ్మ గుడిలో కొబ్బరికాయ కొట్టాం. తిరిగొచ్చేసరికి బాల్కనీ తలుపు వేయడం మరిచిపోయిన పాపానికి కోతులు గదిలోకొచ్చి పాలపొడి పొట్లాలూ చక్కెరా మాయం చేశాయి. ఊరిమిండి సీసా మాత్రం మూత తీయలేక వదిలేశాయి.

*బిల్లు*

వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం నాలుగు మాటలు. రెండు రోజులంటే నలభై ఎనిమిది గంటలు కాదు. మధ్యాహ్నం రెండింటికి గది ఇచ్చి, పొద్దున పదకొండుకి ఖాళీ చేయమంటారు. నాకు దక్కింది నలభై అయిదు గంటలు. అద్దె 7,400 అనే అంకె ఊరికే పుట్టలేదు. రోజుకి 7,500 దాకా ఉన్న గదులకి పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం పోయి 5 శాతమైంది. ఆ గీత దాటితే 18 శాతం. అందుకే చాలా చోట్ల గది ధర ఆ గీత ఇవతల ఆగుతుంది. పన్నుతో కలిపి రెండు రాత్రులకి నాకైంది 15,540.

భోజనాల బిల్లులో ఒక వరస చూసి ఆగాను. సర్వీస్ ఛార్జి 10 శాతం అని ఉంది. అది పన్ను కాదు. బిల్లులో తమంతట తాము కలపకూడదని వినియోగదారుల రక్షణ కోసం ఉన్న కేంద్ర సంస్థ 2022లో చెప్పింది. హోటళ్ళవాళ్ళు కోర్టుకెక్కితే ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మాటే నిలబెట్టింది. తీసేయమన్నాను. కౌంటరు అబ్బాయి మారుమాట లేకుండా తీసేశాడు. తీయనంటే 1915 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. నా జీవితంలో కూరగాయల బండి దగ్గర తప్ప బేరమాడటం అదే మొదలు కాబట్టి గొంతు వణికింది. పక్కన మా అత్తమ్మ, "తీసేసినాడా?" అని రెండుసార్లు అడిగింది.

కారు, తిండి, గది, గుడి అన్నీ కలిపి ఇరవై ఆరు వేలు దాటింది. నా చీటీ, నా బహుమతీ పోగా ఇంకో వెయ్యి పోపులడబ్బా నుంచి. వెళ్ళినందుకు బాధ లేదు. కానీ స్నానాలగదికి గోడ ఉందా, డ్రైవరుకి వసతి ఉందా, ఆ నెలలో మంచు పడుతుందా, డబ్బు వెనక్కి వస్తుందా అనే నాలుగు ప్రశ్నలు ముందే అడిగి ఉంటే ఇంకా బాగుండేది.

తిరుగు ప్రయాణంలో వాయల్పాడు దాటాక మా అత్తమ్మ అడిగింది, "ఇంతకూ రూము ఎంతమే?"

అప్పటిదాకా ఆమెకి నిజం చెప్పలేదు. మూడు వేలని ఒకసారి, బ్యాంకు వాళ్ళు తగ్గించారని ఒకసారి ఏవో చెప్పి తప్పించుకున్నాను. కారులో పారిపోయే దారి లేదు. చెప్పేశాను.

ఆమె మాట్లాడలేదు. కిటికీలోంచి టమోటా తోటలు చూస్తూ కూర్చుంది. కలికిరి వచ్చింది, పోయింది. పీలేరు వచ్చింది. అంత డబ్బుకి రెండు గ్రాముల బంగారం, లేదా ఎన్ని బస్తాల బియ్యమో లెక్క వేస్తోందని నాకు తెలుసు. మావారికి ఏం చెబుతుందో, చుట్టుపక్కల ఏం చెబుతుందో అని నా లెక్కలు నేను వేసుకుంటున్నాను.

భాకరాపేట ఘాటు దిగుతుండగా గొంతు సవరించుకుంది.

"ఈ తూరి పోతే ఎండాకాలం పోదాం. మంచుకి ఒగ దినమంతా ఏమీ అగపడకుండా పాయె."